మాస్టారి పళ్ళూ నా పరిశోధనా

కొత్తగా నాలుగు ముక్కలు నేర్చుకున్న వయసులో, అవి ఎదురుపడ్డ ప్రతివాడికీ చెప్పేస్తే తప్ప అన్నం సహించదు. రెండు వేల సంవత్సరం దాటిన ఆ తొలి రోజుల్లో, తాడేపల్లిగూడెంలో నేను పరిశోధన వెలగబెడుతున్నప్పుడు, ఆ జబ్బు నాకు బాగా ముదిరి ఉండేది. నా లోకమంతా గోలీసోడాలో బుసబుసలాడే కార్బన్ డయాక్సైడే. దాన్ని మందపాటి ఉక్కు పాత్రలో బిగించి, కాస్త వేడి, బోలెడంత ఒత్తిడి ఇస్తే అటు వాయువూ కాకుండా, ఇటు ద్రవమూ కాకుండా తయారవుతుంది. వాయువులా సందుల్లోకి దూరుతుంది, ద్రవంలా జిడ్డును కరిగిస్తుంది. ప్లాస్టిక్ ముక్కలోకి దాన్ని ఎక్కించి ఒత్తిడి ఒక్కసారిగా తీసేస్తే, లోపల బుడగలు లేచి ముక్క పూరీలా పొంగుతుంది. అలా పొంగించడమే నా పరిశోధన. (మా అమ్మ మాత్రం చుట్టాలతో "మావాడు సోడా మీద చదువుతున్నాడండీ" అనేది.)

గణపవరంలో నాకు సైన్సు చెప్పిన మాస్టారు ఒక ఉదయం మా ల్యాబ్ చూడ్డానికి వచ్చారు. ఆయన పదవీ విరమణ సన్మానం ఆ సాయంత్రమే, గణపవరం బళ్ళో. వెనక బెంచీలో కునికేవాణ్ణి లేపి కూర్చోబెట్టే గొంతు ఆయనది. ఉద్యోగమంతా పాఠాలే చెప్పాననీ, ఈ ఒక్క పూట తన మనసులో మాట చెప్పుకుంటాననీ ఎంతో ముచ్చటగా అన్నారు. నేను ఆ మాట విని ఊరుకోకుండా, నీళ్ళూ సబ్బూ లేకుండా మా యంత్రం ఎలాంటి మరకనైనా లాగేస్తుందని గొప్పలు మొదలుపెట్టాను.

"కిళ్ళీ మరక కూడానా?" అన్నారు మాస్టారు. సాయంత్రం ఫొటోలు తీస్తారు కదా అంటూ, కుళాయి దగ్గర కట్టుడు పళ్ళు తీసి కడిగి, రుమాల్లో పెట్టి ఇచ్చారు. శిష్యుడి మాట మీద అంత నమ్మకం.

ఆ పళ్ళ చిగుళ్ళూ, నేను రోజూ పొంగించే ముక్కలూ ఒకే జాతి ప్లాస్టిక్. ఆ సంగతి నన్ను నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. కానీ మాస్టారి నోట్లోంచి వచ్చాయి గనక అవి నా కంటికి పళ్ళే. (ఇంత చదువుకూ ఆ పోలిక ఎందుకు తట్టలేదో ఇప్పటికీ అంతుపట్టదు.) ఉక్కు పాత్రలో పెట్టి, ఒత్తిడి ఎక్కించి దించి, మూత తీసేసరికి మరక కొంత పోయిన మాట నిజమే. చిగుళ్ళు మాత్రం తెల్లగా ఉబ్బిపోయి, పళ్ళు తలో దిక్కూ చూస్తున్నాయి. మాస్టారు వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, ప్రయోగం బాగానే జరిగిందిరా, ఫలితమే వేరేగా వచ్చిందన్నారు.

సాయంత్రం మాస్టారు మైకు ముందు నిలబడ్డారు. గొంతు లేచింది గానీ మాటలన్నీ గాలైపోయాయి. ముందు వరసలో పిల్లలు కిసుక్కున నవ్వారు. ఆయన కండువా నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుని, నన్ను దగ్గరికి పిలిచారు.

"నా బదులు నువ్వు మాట్లాడరా," అన్నారు.

నేను మాట్లాడాను. కార్బన్ డయాక్సైడ్ గురించి మాట్లాడాను. వేడీ, ఒత్తిడీ, బుడగలూ, ఏదీ వదల్లేదు. చేపల చెరువుల రైతు ఒకాయన లేచి, "ఆ గ్యాసు చెరువులోకి వదిలితే చేపలు కూడా అలాగే పొంగుతాయాండీ?" అని అడిగితే, దానికీ శ్రద్ధగా జవాబు చెప్పాను. సభ ఘొల్లుమంది. మాస్టారు కండువా చాటున నవ్వుతూ చివరిదాకా విన్నారు. ఎంత బాగా చెప్పావురా అని భుజం తట్టారు కూడా.

బస్సెక్కాక వెలిగింది, ఆయన సన్మానంలో ఆయన గురించి నేను ఒక్క మాటైనా చెప్పలేదని.

తర్వాత ఏలూరులో కొత్త పళ్ళు కట్టించుకున్నారు, మాటా తిరిగి వచ్చింది. కానీ మళ్ళీ సభ పెట్టి ఎవరు పిలుస్తారు? ఆ రోజు ఏం చెబుదామనుకున్నారని ఒకసారి అడిగితే, ఇప్పుడెందుకులేరా అని మాట మార్చేశారు. ఆయన పోయాక ఇక అడగడానికీ లేకపోయింది. మైకు పట్టుకుని బుడగల సంగతి చెబుతున్న ఆ కుర్రాడు గుర్తొస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఆ వెంటనే, వాడి చేతిలోంచి ఆ మైకు లాక్కుని మాస్టారి గురించి నాలుగు మాటలు చెప్పాలనిపిస్తుంది.