బావ జాకెట్ మీది రెండు పట్టీలు

మా బావ ఇక లేడన్న ఫోన్ వచ్చినప్పుడు నేను నాచారంలో నా టైలర్ షాపులో మిషన్ ముందున్నాను. సరిహద్దులో గస్తీ తిరుగుతుంటే మందుపాతర పేలిందట. శవం ఎలా ఉందో వాళ్లు చెప్పలేదు. పెట్టె మాత్రం తెరవొద్దని రెండుసార్లు అన్నారు.

మీలో ఎవరైనా సిపాయితో కలిసి బజార్లో నడిచారో లేదో. పోయిన సెలవులో మల్లాపూర్‌లో ఒక పెళ్లి బారాత్ పక్కనుంచి వెళ్తుంటే పటాకుల లడీ పేలింది. రెప్పపాటులో బావ నా మెడ పట్టి రోడ్డు మీద బోర్లా పడేశాడు. పెదవి చిట్లి నోరంతా నెత్తురు. లేచాక నన్ను దులుపుతూ, "నువ్వు మస్తు ఆలస్యంగ పడ్తవ్ బామ్మర్దీ, గట్లయితే అక్కడ బతకవ్," అన్నాడు. నవ్వాడు. అప్పుడు నాకు ఒళ్లు మండింది. ఇప్పుడు పెదవి మీద ఆ మచ్చ మిగిలినందుకు సంతోషం.

ఆ సెలవుకు ముందే బావ సైన్యంలో నాయక్ అయ్యాడు. ఆ హోదాకు గుర్తుగా జాకెట్ చేతికి రెండు పట్టీలు కుట్టమన్నాడు. మీ దగ్గర దర్జీలు లేరా అంటే, "మా బామ్మర్ది కుట్టిండని చెప్పుకోవద్దా?" అన్నాడు. ఆ రోజు నల్లదారం అయిపోయింది. స్కూలు యూనిఫారాల కోసం ఎక్కించిన నీలిదారంతోనే లాగించేశాను. బావ చూడగానే పట్టేశాడు. "గిదేంది, బడి పిలగాండ్ల దారం పెట్టినవ్?" విప్పి కుడతానన్నాను. చర్లపల్లిలో రైలుకు టైమైందని అలాగే వేసుకుపోయాడు.

ఉప్పల్‌లో బావ ఇంటి ముందు పెట్టె దించగానే అక్క దాన్ని పిడికిళ్లతో గుద్దింది. గాజులు పగిలి మణికట్టు తెగినా ఆగలేదు. "ముఖం సూపియ్యున్రి. గిండ్ల ఎవరున్నరో నాకేమెరుక? మా ఆయన బతికే ఉన్నడు." వెంట వచ్చిన సుబేదార్ ఎంత చెప్పినా వినలేదు. చివరికి ఆయన సామాను సంచిలోంచి చిరిగిన జాకెట్ చేయి తీశాడు. నెత్తురు ఎండి అట్టకట్టింది. అక్క దాన్ని లాక్కుని నా ముఖం ముందు పెట్టింది.

"నువ్వు జెప్పు తమ్మీ. గిది నీ కుట్టేనా?"

పట్టీ అంచున నీలిదారం. కాదనే మాట నాలుక మీదికి వచ్చింది. కానీ బావను అనామకుడిలా ఎలా పూడ్చనిస్తాను?

"నాదే అక్కా."

చెంప మీద కొట్టింది. మళ్లీ కొట్టింది. నా చేతిపని మీద నాకంత అసహ్యం ఎప్పుడూ కలగలేదు.

సమాధుల తోటలో పాస్టర్ గారి ప్రార్థన అయ్యాక ఇంటివాళ్లు గుప్పెడు మన్ను వేయాలి. అక్క వేసింది. తర్వాత పార పట్టుకున్న వాళ్లను తోసేసి, మోకాళ్ల మీద కూలబడి, రెండు చేతులతో మట్టిని గోతిలోకి నెట్టడం మొదలుపెట్టింది. గోరు ఊడి నెత్తురు కారుతున్నా, గుంత నిండేదాకా ఇంకెవరినీ పిడికెడు మన్ను వేయనివ్వలేదు.