మామ సీరియల్‌కు అక్క తీసిన రాగం

నా చిన్నప్పుడు పాన్‌గల్ దగ్గరి మా ఊరి చర్చిలో మైకు గాని, హార్మోనియం గాని లేవు. పాట ఎత్తుకునే మనిషి గొంతే మాకు సమస్తం. చివరి చాప మీద కూర్చున్న ముసలవ్వ దాకా వినబడాలని సండే స్కూల్లో మాకు గొంతెత్తి పాడటం నేర్పారు. ఆ పనిలో నన్ను మించినవాళ్ళు లేరు. పదేళ్ళు నిండకముందే పెద్దవాళ్ళ ఆరాధనలో పాట ఎత్తుకున్నాను. దేవుడిచ్చిన గొంతు అని పాస్టరు అయ్యగారు అన్నప్పుడు వినయంగా తల వంచేదాన్ని గాని, ఇచ్చినవాడిని మరిచిపోయి అది నాదే అనుకునేదాన్ని.

మా అమ్మ తమ్ముడు, మా చిన్నమామ, హైదరాబాద్‌లో రాక్ బ్యాండు పెట్టి గిటార్ వాయించేవాడు. భుజాల దాకా జుట్టు ఉండేది. ఊరికి వచ్చినప్పుడల్లా సంఘ పెద్దలు ఆయన ఎదుటనే, ఆయన పేరు పెట్టి, ఆ లోకపు పాటల నుంచి ఈ పిల్లవాడిని తప్పించమని ప్రార్థన చేసేవారు. అందరికన్నా గట్టిగా ఆమేన్ అనేది మామే. కొన్నేళ్ళకు బ్యాండు వదిలేసి సినిమాలకు, టీవీ సీరియళ్ళకు నేపథ్య సంగీతం కట్టే పనిలో చేరాడు. పెద్దలు తమ ప్రార్థన ఫలించిందన్నారు. మా అవ్వ మాత్రం, "అదంత సరే, జుట్టు కత్తిరిచ్చిండా లేదా?" అని అడిగింది.

ఒక ఎండాకాలం మామ రెండు టేప్ రికార్డర్లు, ఒక మైకు పట్టుకుని దిగాడు. అప్పటిదాకా ఇంకొకరి కింద పనిచేసిన ఆయనకు మొదటిసారి ఒక సీరియల్ చేతికందబోతోంది. ఒక్క సన్నివేశానికి సంగీతం కట్టి మరునాటికల్లా హైదరాబాద్ చేర్చాలి. అది నచ్చితే సీరియల్ మొత్తం ఆయనది, లేకపోతే ఇంకొకరిది. కూలికి దూరదేశం పోయే తల్లి, లారీ ఎక్కే ముందు తన చిన్న కొడుకుతో మాట్లాడే సన్నివేశం అది. ఆ మాటల వెనక, పదాలు లేని ఆడగొంతు రాగం ఒకటి కావాలన్నాడు.

నేను గాక ఇంకెవరు? పొద్దున్నే తలస్నానం చేసి, క్రిస్మస్ గౌను వేసుకుని అరుగు మీద కూర్చున్నాను. మామ నన్ను దాటుకుని పక్కింటి అక్క దగ్గరికి పోయాడు.

ఆ అక్క వాళ్ళమ్మ కూలి గుంపుతో బొంబాయి పోయి ఏడాది దాటింది. ఇద్దరు చిన్న తమ్ముళ్ళను అక్కే సాకేది. వేరుశనగ కాయలు ఒలుస్తూ, చిన్నవాణ్ణి కాళ్ళ మీద ఊపుతూ ఏదో రాగం తీసేది. చర్చిలో ఆమె పెదవులు కదలడమే గాని గొంతు విన్నవాళ్ళు లేరు.

"నేనా? నాకేం పాట వస్తది మామా! చెల్లె ఉంది కద, ఊరంత ఇనబడ్తది," అంది అక్క నవ్వుతూ.

"ఊరికెందుకు బిడ్డా? ఒక్క పిల్లగానికి ఇనబడితే సాలు," అన్నాడు మామ.

సితారా వాయించే కుర్రవాడి మీద ఈర్ష్యతో ఈటె విసిరిన బైబిలు రాజు కథ సండే స్కూల్లో నేనే అందరికీ ఒప్పజెప్పేదాన్ని. ఆ రోజు ఆ ఈటె నా చేతిలో ఉందని మాత్రం నాకు తోచలేదు.

రికార్డింగు చర్చిలోనే. కిటికీలు మూశారు, ఫ్యాను ఆపారు, బయటి మేకలను తోలేశారు. నాలుగింటికి కరెంటు పోతుంది, ఆ లోపల అయిపోవాలి. అక్క కళ్ళు మూసుకుని రాగం అందుకుంది. సగంలో నేను దగ్గాను. మామ ఆపి, మళ్ళీ మొదలుపెట్టించాడు. ఈసారి చాప జరిపాను. మూడోసారి మళ్ళీ దగ్గాను. అమ్మ నన్ను బయటికి ఈడ్వబోతే మామ వారించి, నా వైపు తిరిగాడు.

"కోడలా, ఇట్ల రా. నువ్వే పాడు."

గౌను సర్దుకుని మైకు ముందుకు పోయాను. చివరి చాప దాకా వినబడేటట్టు పాడాను. "ఎంత మంచిగ పాడినవే చెల్లె!" అంది అక్క. ఆ మాటలో ఎక్కడా కుళ్ళు లేకపోవడం నాకు ఇంకా మంటగా ఉండింది.

మామ రెండో టేప్ రికార్డర్‌లో, హైదరాబాద్ నుంచి తెచ్చిన ఆ తల్లి మాటల టేపు, మొదటిదాంట్లో నా పాట ఒకేసారి పెట్టాడు. "తల్లి ఏమన్నది?" అని అడిగాడు. తెల్వదన్నాను. మళ్ళీ పెట్టాడు. నా గొంతు తప్ప నాకేమీ వినబడలేదు. అప్పుడు అక్క రాగం, నేను చెడగొట్టిన మూడోది, పెట్టాడు. తల్లి మాట పక్కన కూర్చుని చెప్పినంత దగ్గరగా వచ్చింది. "అవ్వ దగ్గర పండుకో బిడ్డా, ఏడ్వకు, నేను మళ్ళ..." అంతలో నా దగ్గు దాని మీద పడింది.

అక్క ముందుకు వంగింది. "మామా, ఎప్పుడొస్తనంటది ఆ తల్లి? నాకు ఇనబడలే."

ఆ ప్రశ్న ఆమె టేపును అడగడం లేదని నాకు ఆ వయసులోనే తెలిసింది. నేను ఏడ్చేశాను.

మామ నన్ను తిట్టలేదు. "ఈ రోగం నాది గూడ," అన్నాడు. "బ్యాండుల అందరికన్న ముందట నేనే ఉండేది. ఈ పనిలకొచ్చినంక నా గిటారంత తీసి అవతల పడేసిన్రు, మాటలు ఇనబడ్తలేవని. తెర మీద కనబడేటోళ్ళను చూస్తే ఇప్పటికి నాకు ఒళ్ళు మండుతది. మండినా, తగ్గించి వాయిస్త. గదే నా పని."

నాలుగోసారి నేను రెండు చేతులతో నోరు మూసుకుని కూర్చున్నాను. రాగం ముగిసిన కాసేపటికే కరెంటు పోయింది. మామ వనపర్తి బస్సుకు పరుగెత్తాడు.

సీరియల్ ఆయనకే వచ్చింది. ఆ సన్నివేశం టీవీలో వచ్చిన రోజు ఊళ్ళో ఆడవాళ్ళంతా కొంగులతో కళ్ళు తుడుచుకున్నారు. వెనక రాగం ఎవరిదని ఒక్కరూ అడగలేదు. అక్క కూడా చెప్పుకోలేదు. అడగనందుకు నాకు లోలోపల సంతోషం కలిగింది. ఆ సంతోషానికి దేవుని ముందు చాలాసార్లు క్షమాపణ అడిగాను, అక్కను అడగడానికి మాత్రం చాలా ఏళ్ళు పట్టింది.

ఇప్పుడు మా సంఘంలో నాకన్నా బాగా పాడే కోడళ్ళు, ఆడపిల్లలు చాలామంది ఉన్నారు. ఈర్ష్యను తీసివేయమని ప్రతి ఉదయం మోకరిస్తాను. అది పూర్తిగా పోయిందని అబద్ధం చెప్పలేను. అది లేచినప్పుడు మాత్రం, పక్కన పాడే మనిషి మాట ప్రతి ఒక్కటీ నాకు వినబడేదాకా నా గొంతు తగ్గిస్తాను. కొన్ని ఆదివారాలు చాలా తగ్గించవలసి వస్తుంది.