గోరువెచ్చని నీళ్లు, మా అమ్మ పిడికిలి

నేను సైదాబాద్‌లో ఒక బ్యూటీపార్లర్‌లో పనిచేస్తాను. నీళ్ల మహిమ గురించి నాకెవరూ చెప్పక్కర్లేదనుకునేదాన్ని, ఎందుకంటే ఆ మహిమను రోజూ తయారుచేసేది నేనే. ప్లాస్టిక్ టబ్బులో గోరువెచ్చని నీళ్లు, గుప్పెడు ఉప్పు, గుడిమల్కాపూర్ మార్కెట్ నుంచి తెచ్చిన గులాబీ రేకులు. అందులో కాళ్లు పెట్టిన ఆవిడ కళ్లు మూసుకుని "అబ్బ, ప్రాణం లేచొచ్చింది" అంటుంది. రేకులు వేయడం మరిచిపోయిన రోజున మాత్రం ఎవరికీ ప్రాణం లేచిరాదు. ఇంట్లో ఈ ముచ్చట చెప్పి అందరినీ నవ్వించేదాన్ని.

అందరికంటే ఎక్కువ నవ్వేది అమ్మ. కిషన్‌బాగ్‌లో మాది పాలవాళ్ల ఇల్లు. ఇంటి వెనక కొట్టం, అందులో బర్రెలు. పాలు పిండేది అమ్మ, ఇళ్లిళ్లూ తిరిగి పోసి వచ్చేది బాపు. అమ్మకు పక్షవాతం వచ్చాక ఆ నవ్వు కొన్నాళ్లు మూతికి ఒక పక్కనే ఉండిపోయింది. తర్వాత మూతి సర్దుకుంది. కాలు ఈడ్చుకుంటూనైనా నడక వచ్చింది. కుడి చెయ్యి మాత్రం పిడికిలి బిగించుకుని పొట్టకు అంటుకుపోయింది. ఎన్ని మందులు వాడినా ఆ వేళ్లు తెరుచుకోలేదు.

అమ్మ చెయ్యి పడిపోయాక మిగతా బర్రెలు బాపుకు అలవాటుపడ్డాయి. వంకీ కొమ్ముల బర్రె మాత్రం పడలేదు. దాని దూడ అంతకుముందే చచ్చిపోయింది. దూడ మూతి పెట్టకపోతే బర్రె చేపదు, అంటే పాలు చన్నుల్లోకి దించదు. చెయ్యి బాగున్నప్పుడు అమ్మ పక్కన కూర్చుని కుడి చేత్తో పొదుగు నిమిరితే మాత్రం దూడను మరిచిపోయి దించేది. బాపు కూర్చుంటే తన్నేది. నేను కూర్చుంటే తన్నే కష్టం కూడా పెట్టుకోకుండా అటు తిరిగి నెమరు వేసేది. అమ్మ ఎడమ చేత్తో నిమిరి చూసినా దించలేదు. డాక్టర్‌ను పిలిచి సూది వేయిస్తే కాసిని దించేది. చివరికి సూది చూసినా తాడు తెంపుకోవడం మొదలుపెట్టింది.

"పాలియ్యని బర్రెను ఎన్నాళ్లు మేపుతమే? అమ్మేద్దాం" అన్నాడు బాపు ఒకరోజు.

అమ్మ ఎడమ చేత్తో కుడి పిడికిలిని పట్టుకుని కొట్టం వైపు చూసింది. ఆ బర్రె గడప దాటిందంటే తన చెయ్యి ఇక రాదని ఇంటిల్లిపాదీ ఒప్పుకున్నట్టే. ఆ సంగతి ఆమెకు తెలుసు, మాకూ తెలుసు.

బాపు చేతకాని మనిషేం కాదు. సాయంత్రం కాగానే ఆవనూనె రాసి, ఒక్కో వేలూ పట్టి లాగేవాడు. అమ్మ పళ్లు బిగబట్టి ఓర్చుకునేది. ఓసారి ఓర్చుకోలేకపోయింది.

"నీ కాళ్లు మొక్కుత, గుంజకయ్యా. బర్రెను గుంజి పిండితె పాలిస్తదా? ఎగబట్టుకుంటది. నా చెయ్యి గుడ గంతే."

పుట్టినప్పటి నుంచి బర్రెల మధ్య బతికిన మనిషికి ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. నూనె సీసా మూత పెట్టేసి బయటికి వెళ్లిపోయాడు. మళ్లీ ఆ వేళ్ల జోలికి రాలేదు.

మా పార్లర్‌కు కనుబొమ్మలు చేయించుకోవడానికి ఒక ఫిజియోథెరపిస్ట్ వచ్చేది. అమ్మ సంగతి విని "మా సెంటర్‌లో వేడినీళ్ల పూల్ ఉంది, ఒకసారి తీసుకురా" అంది. రేకులు కూడా వేస్తారా అని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి, సరేనన్నాను.

అక్కడ అమ్మకు పైజామా, చొక్కా ఇచ్చారు. "మీ బాపు బట్టల తీరుగున్నయి" అని నవ్వుతూనే తొడుక్కుంది. నీళ్ల దగ్గరికి వచ్చాక ఆ నవ్వు ఆగిపోయింది. ఏటవాలు దారిలో రైలింగ్ పట్టుకుని, ఒక పక్క నేను, ఒక పక్క ఆ ఫిజియోథెరపిస్ట్ అమ్మాయి, ఛాతీదాకా దిగాం. వెనక్కి వాలమని, నీళ్ల మీద పడుకోమని అంది ఆ అమ్మాయి. అమ్మ ఎడమ చెయ్యి నా మణికట్టును ఉడుంపట్టు పట్టింది.

"మునుగుత బిడ్డా! మునుగుత!"

"ఏం కాదమ్మా. మీరేం చెయ్యకుండ్రి. జర మీ బరువు నీళ్ల మీద పెట్టుండ్రి, చాలు."

"నీళ్ల మీద బరువు ఎట్ల పెడుతరు?" అని అమ్మ ఆ అమ్మాయినే ఎదురు అడిగింది.

ఆ ప్రశ్నలో తప్పేం లేదు. మా ఇంట్లో నీళ్లంటేనే బరువు. గల్లీలోకి ట్యాంకర్ వస్తే చంకలో ఒక బిందె, చేతిలో ఒక బకెట్. బర్రెలు తాగడానికి, బర్రెలను కడగడానికి, కొట్టం కడగడానికి. అమ్మ అన్నేళ్లూ నీళ్లను మోసింది. నీళ్లు మనిషిని మోస్తాయంటే ఎలా నమ్ముతుంది?

ఆ అమ్మాయి ఒక చెయ్యి మెడ కింద, ఒక చెయ్యి నడుం కింద పెట్టి ఊరికే నిలబడింది. ఊపలేదు, లాగలేదు. కాసేపటికి అమ్మ చెవులు నీళ్లలోకి వెళ్లాయి. కాళ్లు వాటంతట అవే పైకి లేచాయి. ఈడ్చే కాలు ఏదో, మంచి కాలు ఏదో నాకు తేడా తెలియలేదు. నా మణికట్టు మీద పట్టు వదిలింది. అప్పుడు చూశాను. పొట్టకు అంటుకుపోయిన కుడి చెయ్యి మెల్లగా పక్కకు జరిగింది. ఎవరూ ముట్టుకోలేదు. నీళ్లలో కాసేపు తేలింది. ముందు బొటనవేలు బయటికొచ్చింది. దాని వెనక చూపుడువేలు. ఆ వెనక మిగతావి, ఒకదాన్ని ఒకటి అడిగి వచ్చినట్టు వచ్చాయి.

ఎన్నో నెలల తర్వాత మా అమ్మ అరచెయ్యి చూశాను. పాలిపోయి ఉంది. గోళ్లు గుచ్చుకున్న చోట నల్లటి మచ్చలున్నాయి. రేకులు లేవు, ఉప్పు లేదు, ఉత్త నీళ్లు. నేను రోజూ టబ్బులో పోసి సాయంత్రం మోరీలో పారబోసే నీళ్లే ఇవి! ఛాతీదాకా నీళ్లలో నిలబడి ఏడ్చాను. ముఖమంతా తడిగానే ఉంది కాబట్టి ఎవరికీ తెలియలేదు.

బయటికి వస్తుంటే, ఏటవాలు దారిలో ఒంటి బరువు తిరిగి వస్తుంటే, వేళ్లు మళ్లీ మూసుకున్నాయి. తువ్వాలు చుట్టేసరికి పిడికిలి పిడికిలే. వెళ్లిన ప్రతిసారీ ఇదే వరస. "టైం పడుతది" అంది ఆ అమ్మాయి. పూర్తిగా వస్తుందని మాత్రం అనలేదు. ఇటు బేరగాడు వచ్చి బర్రెను చూసి, మాట ఖాయం చేసుకుని వెళ్లాడు.

వాడు బర్రెను తోలుకుపోవడానికి ముందురోజు బాపు మాతో పాటు పూల్‌కు వచ్చాడు. అద్దాల గోడ వెనక నిలబడి అంతా చూశాడు. ఇంటికి వచ్చీ రాగానే కొట్టంలో కుడితి తొట్టిని పీచు పెట్టి రుద్దడం మొదలుపెట్టాడు. బర్రెలు కుడితి తాగే సిమెంటు తొట్టి అది. దాణా ఉడికించే గుండిగలో నీళ్లు కాచి తెచ్చి అందులో పోశాడు.

నేను లొల్లి పెట్టాను. "బాపూ, గది కుడితి తొట్టి! అమ్మ మనిషనుకున్నవా, బర్రెనుకున్నవా?"

"నీళ్లల్ల ఏం ఫరక్ ఉంటదే? గాడ ఉత్త నీళ్లే, ఈడ ఉత్త నీళ్లే. లోపల కూసొమ్మన్ననా? చెయ్యి పెట్టుమన్న."

అమ్మ పకపకా నవ్వి, పీట వేసుకుని మోచేతిదాకా చెయ్యి ముంచింది. అయితే అంత ఆలోచించిన బాపు ఒకటి ఆలోచించలేదు. తొట్టి నిండిందంటే కుడితి వచ్చిందని బర్రెలకు లెక్క. వంకీ కొమ్ముల బర్రె తాడు సాగదీసుకుని వచ్చి తొట్టిలో మూతి పెట్టేసింది. "హే! హే!" అని బాపు కర్ర ఎత్తాడు. కుడితి కాదని తెలిసి బర్రె బుస్సుమంది. నీళ్లలో అమ్మ చెయ్యి తగిలింది. ముందు వాసన చూసింది. తర్వాత గరుకు నాలుకతో మణికట్టు నుంచి మోచేతిదాకా నాకింది. నాకుతూనే ఉంది.

"అయ్యా" అంది అమ్మ, గట్టిగా అంటే చెదిరిపోతుందన్నట్టు. "సేపింది. బకీటు తే."

వంగి చూశాను. చన్నుల నుంచి పాలు బొట్లు బొట్లుగా నేల మీద పడుతున్నాయి.

బాపు బకెట్ తెచ్చి పెట్టి, అమ్మ పీటను పొదుగు దగ్గరికి జరిపాడు. అమ్మ చెయ్యి నీళ్లలోంచి తీసేసరికే వేళ్లు ముడుచుకోవడం మొదలైంది. బాపు ఆ మణికట్టు పట్టుకుని, సగం తెరిచిన ఆ వేళ్ల మధ్యకు చన్ను అందించాడు. పిడికిలి దానంతట అదే మూసుకుంది. సర్రుమని ఒక ధార బకెట్ అడుగున పడింది.

ఆ చప్పుడు విని ముగ్గురం కదలకుండా ఉండిపోయాం. పాలు పిండడంలో సగం పని మూయడమే. ఆ సగం ఆమె చేతికి ఎప్పుడూ వచ్చు. తెరవడమే రాదు. పిడికిలి చన్నును పట్టుకుని అలాగే ఉండిపోయింది. బాపు వేళ్లను లాగలేదు. బర్రె కాలెత్తలేదు.

"నీళ్లు" అంది అమ్మ.

తొట్టిలోంచి నేను మగ్గు ముంచి ఇచ్చాను. బాపు ఆ మణికట్టు మీద సన్నని ధారగా పోశాడు. ఆగాం. వేళ్లు వదులయ్యాయి. మళ్లీ మూసుకున్నాయి. మళ్లీ పాలధార. నేను ముంచుతున్నాను, బాపు పోస్తున్నాడు, అమ్మ పిండుతోంది. ఇంత గొప్ప సంగతి నా కళ్లతో నేను అంతకుముందు చూడలేదు. అలసిపోయాక అమ్మ పిడికిలిని పొదుగుకు ఆనించి పెట్టింది. మిగతా పాలు బాపు పిండాడు. బర్రె బాపును తన్నలేదు.

బకెట్లో సగం నీళ్లే. పాలలో నీళ్లు కలుపుతారని ఎవరైనా అంటే గల్లా పట్టుకునే మనిషి మా బాపు. ఆ బకెట్‌ను రెండు చేతులతో ఎత్తి నాకిచ్చి, చాయ్ పెట్టమన్నాడు. తర్వాత బేరగాడికి ఫోన్ చేశాడు.

"రేపు రావద్దు భాయ్. అమ్ముతలేను. పాలిస్తున్నది."

అవతలివాడు నమ్మలేదు కాబోలు, ఏదో అడిగాడు. బాపు అమ్మ వైపు చూశాడు.

"ఎవరు పిండుతున్నరంటవేంది భాయ్? ఇంకెవరు, మా ఇంటామె."