శోకానికి నయాపూల్

ఆ రోజుల్లో, అంటే డెబ్బైల మొదట్లో, పెద్దవాళ్ల మాట అర్థం కాకపోతే మళ్లీ అడిగే అలవాటు మా ఇళ్లలో లేదు. తల ఊపి బయటికొచ్చి, ఆనక ఇంట్లో అందరం కూర్చుని దానికో అర్థం కుదుర్చుకునేవాళ్లం. అప్పుడు నాకు పద్దెనిమిదేళ్లు (నిండలేదు, రెండు నెలలు తక్కువ, లెక్క లెక్కే). ఇల్లు గౌలిపురలో, పాట చర్చిలో. నేను గొంతెత్తితే పక్క గల్లీలో పాలవాళ్ల బర్రెలు తల తిప్పి చూసేవని మా బాపు నన్ను 'సైరన్' అనేవాడు.

చర్చిలో పియానో వాయించే మేడమ్ కోస్తా నుంచి వచ్చిన ఆఫీసరుగారి భార్య. నాకు కొన్నాళ్లుగా ఇటలీ పాటలు నేర్పుతున్నారు. ఒక్క ముక్కకీ అర్థం తెలియకుండానే పాడేదాన్ని. ఒకరోజు నన్ను ఆపి, "నీది డ్రమాటిక్ సొప్రానో అమ్మాయ్. పెద్ద గొంతు, బరువైన గొంతు. శనివారం మద్రాసు నుంచి సంగీతం తెలిసిన ఒక పెద్దాయన వచ్చి వింటారు. ఆయన సరేనంటే మన చర్చి బళ్లో పాటల టీచరు ఉద్యోగం నీదే" అన్నారు. కాదంటే బిస్కట్ ఫ్యాక్టరీలో డబ్బాలకు కాగితాలు అతికించే పని. అక్కడ బాపు అప్పటికే మాటిచ్చేశాడు. ఆ కంగారులో మేడమ్ చెప్పిన మిగతా మాటలు నాకిలా వినబడ్డాయి: "రెండు ఏరియాలు ఎంచుకుని రా. ఒకటి శోకం, ఒకటి సంతోషం. పెద్ద ఏరియా జోలికి పోకు, ఈ వయసులో గొంతు పోతుంది."

ఇంట్లో చెబితే బాపు చిటికేశాడు. క్రిస్మస్‌కి మా చర్చివాళ్లు ఏరియాకో గుంపుగా ఇంటింటికీ తిరిగి పాడేవాళ్లు. "గంతే గదా! ఈసారి ముందుగాల్నే ఏరియాలు పంచుతున్నరు. అఫ్జల్‌గంజ్ వద్దు బిడ్డా, మస్తు పెద్దది. గా బస్సుల లొల్లిల పాడితే గొంతు పోదా? మేడమ్ సహీ బోలీ, మంచిగ జెప్పింది."

"మరి శోకం ఏందిరా? ఏ ఏరియా ఏడుస్తది?" అంది నాయనమ్మ.

బాపు బీడీ అయిపోయేదాకా ఆలోచించాడు. "నయాపూల్! కోర్టు ఆడనే గదా. ఏడ్సెటోళ్లంత ఆడనే ఉంటరు."

"సంతోషానికి?"

"మన గౌలిపుర. పొద్దుగాల పాలు, మాపటికి పెరుగు. ఇంకేం గావాలె?"

ఏరియా చూసుకోవాలని శుక్రవారం నన్ను నయాపూల్‌కి తీసుకెళ్లాడు కూడా. కోర్టు బయట ఒక ముసలామె టిఫిను డబ్బా పట్టుకుని నిలబడి ఉంది. పోలీసు వ్యాన్ ఆమె ముందునుంచే వెళ్లిపోయింది. డబ్బా ఇవ్వడానికి చాచిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

శనివారం పెద్దాయన అడిగారు, "ఏం ఎంచుకున్నావమ్మా?"

"శోకానికి నయాపూల్, సంతోషానికి గౌలిపుర సార్."

ఆయన కళ్లజోడు తీసి మేడమ్ వైపు చూశారు. "ఇవి ఏ ఆపెరాలోవి?"

గుమ్మం దగ్గర నిలబడ్డ బాపు కంగారుపడ్డాడు. "ఆపమంటుండు బిడ్డా, ఆపు!" (నేనింకా మొదలే పెట్టలేదు.)

మేడమ్ తల పట్టుకున్నారు. "ఏరియా కాదు తల్లీ, ఆరియా! ఆపెరా అంటే వాళ్ల పాటల నాటకం, అందులో ఒక్కరే పాడే పాట ఆరియా. నేను నీకు నేర్పినవన్నీ అవే!"

పాడమన్నారు. శోకం పాట ఎత్తుకున్నాను. మాటలకు అర్థం ఎలాగూ తెలియదు కనుక ఆ టిఫిను డబ్బానే చూస్తూ పాడాను. అయ్యాక సంతోషం పాట ఎవరూ అడగనే లేదు.

"ఉద్యోగం ఇచ్చేయండి" అన్నారు పెద్దాయన. "పెద్ద ఆరియాలకు మాత్రం ఇంకో పదేళ్లు ఆగాలమ్మా. అంతవరకు నయాపూల్ చాలు."

ఆగాను. పిల్లలకు పాటలు నేర్పుతూ ఆగాను. పదేళ్లకు మించి ఎన్ని గడిచాయో లెక్క నా దగ్గరుంది, చెప్పను. మొన్న ఆటో ఎక్కితే డ్రైవరు వెనక్కి తిరిగి, "ఏ ఏరియా అమ్మా?" అన్నాడు. తెలియకుండానే గొంతు సవరించుకున్నాను.

"పెద్దది వద్దు నాయనా," అన్నాను. "నయాపూల్ చాలు."