రెండు సీసాలకు ఎర్రదారం

రోజూ పొద్దుగూకగానే మా మనవరాలు నా కళ్లలో చెరొక చుక్క వేస్తుంది. కాసేపటికి గొంతులోకి చేదు దిగుతుంది. నాకు నీటికాసులు, అంటే కంటి లోపల ఒత్తిడి పెరిగే జబ్బు. మొదట ఇచ్చిన చుక్కలకు ఆయాసం వస్తుందంటే డాక్టరు మార్చి ఇవి రాశాడు. రోజుకు ఒక్కసారి చాలట. దేవదానం సారుకు నాలుగుసార్లు వేయాల్సి వచ్చేది. వేసే చెయ్యి నాదే.

నిజాం రాజ్యం పోయిన కొన్నేళ్లకు, ఆసిఫాబాద్ వైపు ఒక చిన్న మిషన్ దవాఖానలో ఆయన కంపౌండరు, నేను కట్లు కట్టే డ్రెస్సరును. నీటికాసులు అప్పటికే ఆయన ఎడమకన్ను తినేశాయి. మిగిలింది కుడికన్ను. అలమరలో ఒకే రంగు సీసాలు రెండుండేవి. పైలోకార్పిన్ కంటిపాపను సూదిమొనంత చేసి ఒత్తిడి దించుతుంది. వేస్తే కనుబొమ్మ నొస్తుంది, చూపు మసకేస్తుంది. అట్రోపిన్ పాపను విప్పుతుంది. కన్ను వాచి ఎర్రబడ్డవాళ్లకు హాయి, నీటికాసులున్న కంటికి ముప్పు. "మంచి మందు, చెడ్డ మందు అని ఉండదురా. ఎవరి కంట్లె ఏది అన్నదే ముచ్చట," అనేవాడు. అట్రోపిన్ సీసా మెడకు ఆయనే ఎర్రదారం కట్టాడు, చెయ్యి ఒక క్షణం ఆగాలని.

ఆ ఏడు నేను కొండగట్టు హనుమంతుడి గుడికి వెళ్లి, సారు కన్ను నిలవాలని అంజన్న దగ్గర ఎర్రదారం తెచ్చాను. ఆయన క్రైస్తవుడు, చెబితే వద్దంటాడని చెప్పకుండా ఆయన పైలోకార్పిన్ సీసాకు కట్టాను. మర్నాడు సంత. వరండా నిండా జనం. దారమున్నది సారుదే అనుకుంటూ చెయ్యి పెట్టి, చేతికందిన దారం సీసా తీసి సారు కుడికంట్లో చుక్క వేశాను.

ఈ కథ చాలామందికి చెప్పాను. అందులో తప్పు చేసింది ఇంకో డ్రెస్సరు. నేనేమో పులి తిరిగే అడవిలో పన్నెండు మైళ్లు పరుగెత్తి డాక్టరును తెచ్చాను. పులి లేదు. పరుగూ లేదు. ఇంకో డ్రెస్సరూ లేడు.

అరగంటకు సారు వాకిలి వెలుతురుకు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఏ సీసా తీశావని అడిగాడు. మీదేనన్నాను. అలమర తెరిస్తే రెండింటికీ దారమే.

"నా పాప జూసి చెప్పు, రాజయ్యా. చిన్నగున్నదా, పెద్దగున్నదా?"

దగ్గరికి వంగి చూశాను. నల్లగా, బావిలా తెరుచుకుని ఉంది. చిన్నగుందంటే ఆ పూటకు నేను బతికిపోతాను.

"పెద్దగైంది, సారూ."

"పైలోకార్పిన్ తే. దారం జూడకు. పేరు చదువు. నాకినపడేటట్టు చదువు."

డాక్టరున్న ఊరికి పొద్దుటి బస్సు పోయింది. మళ్లీ రేపే. పది నిమిషాలకొక చుక్క వేస్తూ కూర్చున్నాను. రెప్ప మీద వేళ్లతో ఒత్తి చూడమన్నాడు. కన్ను ముక్కు కొసలా ఉంటే ఫికర్ లేదు, నుదురులా గట్టిగా ఉంటే ఆపద. అది ఆయన నేర్పిన లెక్కే. మధ్యాహ్నం రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. ఎట్లుందని అడిగిన ప్రతిసారీ నుదురే అని చెప్పాను. అబద్ధమాడాలని నాలుక దాకా వచ్చింది. సాయంత్రం నీడలు వరండా దాటుతుండగా నా వేళ్ల కింద కన్ను కొద్దిగా మెత్తబడింది. అప్పుడు ఏడ్చాను. ఆయన చూడనట్టే ఉన్నాడు.

మర్నాడు పొద్దున్నే స్టూలు మీద కూర్చుని తల వెనక్కి వాల్చాడు. నర్సమ్మను పిలుస్తానన్నాను.

"నీ చెయ్యే గావాలె. ఇయ్యాల నీ అంత భయమున్నోడు ఈ దవఖాన్ల ఇంకోడు లేడు."

చుక్క వేశాక, నా దారం కత్తిరించి అరచేతిలో పెట్టాడు. "సీసకెందుకురా? నీ చేతికి గట్టుకో."

ఇప్పటికీ కుడి మణికట్టుకు ఎర్రదారం ఉంటుంది, పాతబడితే మారుస్తాను. మనవరాలు చుక్క వేసే ముందు సీసా మీద పేరు పైకి చదవాలి. ఉన్నదే ఒక్క సీసా గదా తాతా అని నవ్వుతుంది. అయినా చదివిస్తాను.

ఇంకొక అబద్ధం మిగిలింది. ఆ కన్ను మునుపటిలా అయిపోయిందని అందరికీ చెబుతాను. కాలేదు. ఆ తర్వాత కుడిపక్క నుంచి వచ్చే మనిషి ఆయనకు కనిపించేవాడు కాదు. అక్కడ పనిచేసినన్నాళ్లూ బజారుకైనా, ప్రార్థనకైనా ఆయనకు కుడిపక్కనే నడిచాను. ఎందుకని ఆయన అడగలేదు. ఈనాటికీ ఎవరితో నడిచినా తెలియకుండానే కుడిపక్కకు చేరతాను.