టైర్లు చూస్తున్నట్టు నటించాను

అరవైల మొదట్లో, నాకు ఇరవై రెండేళ్లప్పుడు, కోతల కాలానికి లారీ డ్రైవరు కావాలని తెలిసి బుచ్చిరెడ్డిపాలెంలో ఒక రైసుమిల్లుకు వెళ్లాను. బియ్యం బస్తాలు నెల్లూరు అంగళ్లకు చేరవేసే పని. నాకు లైసెన్సు వచ్చి నెల కూడా కాలేదు. అనుభవమున్న మరో ఇద్దరు కూడా వచ్చారు. ఈ పని దొరక్కపోతే నేను మళ్లీ క్లీనరుగానే పోవాలి.

మిల్లు యజమాని తాళంచెవి నా చేతికిచ్చి, "గేటు దాకా పోయి, ఎనక్కి తీసుకురా, చూస్తాం" అన్నారు. అందరి కళ్లూ నామీదే. ఎక్కడ తప్పు చేస్తానోనని భయమేసింది. కాస్త కుదురుకుందామని, టైర్లు చూస్తున్నట్టు నటిస్తూ లారీ చుట్టూ తిరిగాను.

"ఏందయ్యా, బండెక్కేది ఉందా లేదా?" అని ఆయన విసుక్కున్నారు. ఆ ఇద్దరూ నవ్వారు. సిగ్గుతో మొహం దాచుకోవడానికి వెనక చక్రం దగ్గర వంగాను. చక్రానికి ఆనుకుని, లారీ కింద గోనెపట్టా మీద ఏడాది నిండని బిడ్డ నిద్రపోతోంది.

బిడ్డను ఎత్తుకుని ఇవతలికి వచ్చాను. ఆవరణలో వడ్లు ఎండబోస్తున్న తల్లి పరుగెత్తుకొచ్చింది. "నీడుందని ఇప్పుడే పండేసినా నాయనా" అంటూ కూలబడిపోయింది.

యజమాని బిడ్డనూ నన్నూ మార్చి మార్చి చూశారు. తర్వాత, "ఇంక తోలి చూపించే పన్లేదు. రేపట్నుంచి రా. ఇట్టా చూసుకుని ఎక్కేవాడే మాకు కావాల" అన్నారు.

అక్కడ నాలుగేళ్లు కోతలకు లారీ నడిపాను. జాగ్రత్తపరుడినని పేరొచ్చింది. ఆ తర్వాత ప్రతిసారీ నిజంగానే వంగి చూశాను. ఆ మొదటిరోజు మాత్రం వంగింది జాగ్రత్తతో కాదని ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.