ఒకే నంబరు మీద నలభై ముగ్గురు

మా చెవి మిషన్ల షాపులో కార్డులక్క ఇరవై రెండేళ్లుగా ఒకటే కుర్చీలో కూర్చుంటోంది. దాని చక్రాలు రెండు ఊడిపోతే నేనే కొయ్యముక్కలు బిగించాను. నేను మిషన్లు బాగుచేస్తాను. వాటిని పెట్టుకునే మనుషుల్ని ఆమె చూసుకుంటుంది.

మొదట్లో మనిషికో అట్ట కార్డు ఉండేది. పేరు, వీధి, చెవి కొలత, మిషను సెట్టింగు అన్నీ దాని మీదే. తర్వాత కంప్యూటరొచ్చింది. నేర్పడానికి మాత్రం ఎవరూ రాలేదు. అక్క ఒక చేత్తో అన్నం తింటూ, రెండో చేత్తో మీటలు నొక్కుతూ తనే నేర్చుకుంది. అందులో ఆమెకు బాగా నచ్చిన పని, ఒకరి రికార్డును ఇంకొకరి రికార్డుకు ముడివేయడం. తల్లిని కూతురికి, అద్దెకున్నవాళ్లను ఇంటాయనకు ముడివేసేది. ఎవరైనా వచ్చి "మా అల్లుడు మిల్లులో ఫిట్టరమ్మా" అంటే చాలు, ఆ ముడి పట్టుకుని మనిషిని బయటికి లాగేది.

రైలు పట్టాల అవతలి వీధిలో చాలామందికి ఫోన్లు ఉండేవి కావు. వీధి చివరి మందుల షాపాయన నంబరిచ్చేవాళ్లు. మిషను సిద్ధమైందని మేం ఫోన్ చేస్తే ఆయన కౌంటరు దగ్గర్నుంచే కేకేసేవాడు. చెవిటివాళ్లకు కేకలేమిటని నేను నవ్వితే, "కేక వాళ్లకు కాదు తమ్ముడూ, పక్కింటివాళ్లకు" అనేది అక్క. అలా ఆ ఒక్క నంబరు మీద నలభై ముగ్గురు చేరారు.

కిందటేడు కొత్త మేనేజరొచ్చాడు. వారం తిరక్కుండానే ఆ నంబరు ఆయన కంట్లో పడింది.

"ఇదేంటమ్మా, ఒకే కస్టమర్ని నలభై మూడు సార్లు ఎక్కించారు?"

"నంబరే ఒకటి సార్. మనుషులు వేరు."

"డూప్లికేట్లని సాఫ్ట్‌వేరే చూపిస్తోందిగా."

"దానికా వీధి తెలీదు కద సార్."

"మీకు తెలుసు కదా, మీరే శుభ్రం చేయండి. శుక్రవారం లోపు అయిపోవాలి."

అక్క నలభై మూడు రికార్డులూ తెరిచి, ఒక్కోదాంట్లో గమనిక గడిలో "వేరే మనిషి, కలపొద్దు" అని రాసింది. మూడు రోజులు పట్టింది. కలిపే మీట గమనికలు చదవదని ఆమెకు తెలీదు, నాకూ తెలీదు. అడుగుదామంటే తెలిసినవాళ్లు లేరు. శుక్రవారం ఉదయం, నిజంగా రెండుసార్లు ఎక్కినవి పోయి వీళ్లు మిగులుతారనుకుని, తన వేలితోనే మీట నొక్కింది. నలభై ముగ్గురూ ఒక్కరయ్యారు. అందరికంటే చివర్న షాపుకొచ్చిన గుండీల తాత మిగిలాడు. మిగతావాళ్ల కొలతలన్నీ ఆయన కొలతల కింద పడి చెరిగిపోయాయి. వెనక్కి తెచ్చే మీట కోసం సాయంత్రందాకా వెతికింది. లేదు. కార్డుల బీరువాను మేనేజరు అప్పటికే తుక్కుకి పంపేశాడు.

"ఇప్పుడు చూడండి, జాబితా ఎంత నీట్‌గా ఉందో" అన్నాడాయన.

నాలుగు నెలలకు గంటమ్మ వచ్చింది. పట్టాల అవతలి బడిలో ముప్ఫై ఏళ్లు గంట కొట్టిన మనిషి. ఏడాది కిందట పక్షవాతం వచ్చింది. ఇప్పుడు మిషను నీళ్లలో పడింది. కూతురు రెండు బస్సులు మారి, దాదాపు మోసుకుంటూ తీసుకొచ్చింది.

మిషను విప్పాను. లోపలంతా తుప్పు.

"ఇది ఇక పనిచేయదమ్మా. కొత్తదాంట్లో పాత సెట్టింగు ఎక్కిస్తే పది నిమిషాల పని" అన్నాను.

మళ్లీ చెవి పరీక్ష చేద్దామంటే కుదరదు. పరీక్షలో శబ్దం వినపడినప్పుడల్లా చెయ్యెత్తాలి. గంటమ్మకు ఒక చెయ్యి లేవదు, రెండోది ఎందుకెత్తాలో గుర్తుండదు. ఆమె బాగున్న రోజుల్లో పదకొండుసార్లు సవరించి కుదిర్చిన ఆ పాత సెట్టింగొక్కటే ఆధారం.

"ఉంటుంది కదక్కా?" అంది కూతురు. "మిషను పోయినప్పట్నుంచి అమ్మ నన్ను కొత్తవాళ్లని చూసినట్టు చూస్తోంది. మొహాలు గుర్తుండట్లేదు. నా గొంతు వింటేనే పోల్చుకునేది."

అక్క గంటమ్మ పేరు కొట్టింది. గుండీల తాత వచ్చాడు. వీధి పేరు కొట్టినా తాతే. బడి పేరు కొట్టినా తాతే. బిల్లు కట్టే మనిషిగా కూతురి రికార్డు, ఫోన్ నంబరు లేకుండా, విడిగా ఉంది; దానికి తను వేసిన ముడీ ఉంది. పట్టుకుని లాగితే అవతలి కొసన మళ్లీ తాతే.

"ఎవరక్కా ఆయన?"

"మీ వీధిలో గుండీలు కుడతాడే, ఆయన. మీ అమ్మ రికార్డు ఆయనదాంట్లో కలిసిపోయింది."

"ఆయనా! ఆయన పొడే గిట్టదు అమ్మకి" అని నవ్వింది కూతురు. అక్క మొహం చూసి నవ్వాపేసింది. "అయితే దొరకదా?"

"నేనే కలిపేశానమ్మా" అంది అక్క. మేనేజరు మాట ఎత్తలేదు.

కొలత లేకుండా చేసే పని నాకు గిట్టదు. అయినా ఆ రోజు అంచనా మీదే మిషను పెట్టాను. కూతురు వంగి "అమ్మా, నేనే" అంది. గంటమ్మ మొహం చురక తగిలినట్టు ముడుచుకుంది. తగ్గించాను. ఏమీ వినపడనట్టు గోడకేసి చూసింది. కొంచెం పెంచాను. ఆరుసార్లు మార్చాను, కూతురు ఆరుసార్లూ "అమ్మా, నేనే" అంది. ఏడోసారి గంటమ్మ బాగున్న చేత్తో మిషను పీకి, కూతురి అరచేతిలో పెట్టి, వేళ్లు మూసింది.

"మీది మీరు తీసుకోండి" అంది, దారిలో దొరికిన వస్తువు అప్పగిస్తున్నంత మర్యాదగా.

కూతురు ఏడవలేదు. తల్లి చీర సర్ది లేపి నిలబెట్టింది. అక్క మాత్రం వాళ్లను ఆపి, గంటమ్మ పేరుతో కొత్త రికార్డు తెరిచింది.

"ఫోన్ నంబరు చెప్పమ్మా."

"మందుల షాపుదే రాయండక్కా. పనిలో ఉంటే నన్ను ఫోనెత్తనివ్వరు."

అక్క రాసింది. ఈ కస్టమర్ ఇప్పటికే ఉన్నారు, కలపమంటారా అని అడిగింది తెర. వద్దని నొక్కింది. కొలత గడి, సెట్టింగు గడి ఖాళీగా తెరుచుకున్నాయి.

వాళ్లు మెట్లు దిగేదాకా చూసి, "తాతా ఈమే కాక ఇంకా నలభై ఒక్కమంది ఉన్నారు తమ్ముడూ" అంది.

నేను తుప్పుపట్టిన మిషనుకు మూత బిగిస్తూ కూర్చున్నాను.